మీరడిగిన పెద్ద కత్తి

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ నేనూ, ఆడపిల్లలిద్దరూ, అత్తయ్యగారూ బాగున్నాం. అక్కడ మీరూ, మీ గుడారంలోని మిగతా వాళ్ళూ బాగున్నారనే తలుస్తాను.

మీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు పేజీలు ఉండేసరికి సంతోషపడిపోయి, దుకాణం తలుపు సగం దించి, సాన చక్రం ఆపేసి మరీ చదివాను. రెండున్నర పేజీలు కత్తి గురించే ఉంది. పిల్లల గురించి ఒక వాక్యం. చేతి గాయం గురించి "మానుతోంది" అని ఒక్క ముక్క. నా గురించి ఎక్కడైనా ఉందేమోనని చివరి కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. వెనక కత్తి బొమ్మ ఉంది, మీరు గీసింది.

ముందు ఇంటి సంగతులు చెప్పేస్తాను. లేకపోతే ఈ కత్తి గోలలో పడి మర్చిపోతాను. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచి, నాన్న వచ్చాక చూపిస్తానని ఎవ్వరినీ ముట్టుకోనివ్వడం లేదు. పెద్దది లెక్కల్లో మూడో స్థానానికి దిగింది. ఏమే అంటే, "నేను దిగలేదమ్మా, వాళ్ళిద్దరూ ఎక్కారు" అంది. ఆ జవాబు ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. అత్తయ్యగారి మోకాలు మామూలే, నోరు కూడా మామూలే. మీ ఉత్తరం చదివి వినిపిస్తే అంతా విని, "అమ్మాయ్, వాడికి పంపాల్సింది కత్తి కాదు, కాస్త బుద్ధి. అది ఏ కొట్లో దొరుకుతుందో కనుక్కో" అన్నారు. ఇంటి కప్పు కారుతోందా అని మీరడిగారు. కారుతోంది. కింద గిన్నె పెట్టాను.

ఇక కత్తి. ఉత్తరంలో మడిచి పెట్టిన పత్రిక కాగితం చూశాను. నల్లటి అలుగు, దాని వెన్ను మీద రంపపు పళ్ళు, పిడి గుల్లగా ఉండి అందులో దిక్సూచి, అగ్గిపుల్లలు, చేపల గాలం. ఏమండీ, మీరు కరెంటు తీగల మీద పడే కొమ్మలు నరకడానికి వెళ్ళారా, దారి తప్పడానికి వెళ్ళారా? పిడి గుల్లగా ఉందంటే లోపల ఇనుము లేదని. అలుగు తోక పిడిలోకి బొటనవేలంత దిగి ఆగిపోతుంది. నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తే అలుగు ఒక చెట్టు మీద, పిడి మీ చేతిలో. అప్పుడు ఆ దిక్సూచి పట్టుకుని అలుగు ఎటు పోయిందో వెతుక్కోవాలి. వెన్ను మీది పళ్ళతో కొమ్మ కొయ్యలేరు, వీపు గోక్కోవచ్చు. పద్దెనిమిదేళ్ళు సాన పట్టిన దానితో కాపురం చేస్తూ మీరు ఆ బొమ్మ చూసి ఎలా మోసపోయారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఎంత పెద్దదైతే అంత మంచిది, మోచేతి పొడవు చూడు" అని రాశారు. ఎవరి మోచేయండీ? చెట్టుకు తాడుతో కట్టుకుని, ఒంటి చేత్తో రోజుకు మూడు వందల సార్లు ఎత్తి దించాల్సిన వస్తువది. మొదటి పది దెబ్బలకు పెద్ద కత్తి మీ మాట వింటుంది. వందో దెబ్బకు మీరే దాని మాట వినాలి. అలా అని వంటింటి కత్తంత చిన్నదైతే కొమ్మకు గాటు పెట్టి ఊరుకుంటుంది. పోనీ గొడ్డలి పంపనా అంటే, పైకి గొడ్డలి తీసుకెళ్ళనివ్వరని మీరే రాశారు. మడిచే రంపం ఉంది కదా అంటే, చిన్న రెమ్మల గుబురులో రంపం ఆడదని అదీ మీరే రాశారు. సరే, ఒప్పుకున్నాను, మడత లేని పెద్ద కత్తే కావాలి. దాని కోసం నేను ఎన్ని తిప్పలు పడ్డానో చదవండి.

పాత బజారు మలుపులో ఇనప సామాన్ల కొట్టు ఉంది కదా, అక్కడికి వెళ్ళాను. కొట్టాయన కళ్ళజోడు పైనుంచి చూసి, "వంటింటి కత్తులు అటుపక్కనమ్మా" అన్నాడు.

"వంటింటివి కాదండీ. కొమ్మలు నరికేది కావాలి. మడత లేనిది. అలుగు జానెడున్నర లోపు."

"మగవాళ్ళనెవరినైనా పంపండమ్మా, చూపిస్తాను."

"మా మగాయన్ని పంపితే మీరు దిక్సూచి ఉన్నది అమ్మేస్తారు. నాకే చూపించండి."

మొదట మెరిసేదొకటి తీశాడు. అద్దంలా ఉంది, నా మొహం కనపడింది, అందులో విసుగు కూడా కనపడింది. తుప్పు పట్టదమ్మా అన్నాడు. తుప్పు పట్టకపోవడం గరిటెకు మంచిదే. ఎండు కొమ్మ ముడి మీద పడితే ఇలాంటి చవక మెరుపు సరుకు అంచు పెచ్చులు లేస్తుంది, నేను వారానికి రెండు చూస్తాను. రెండోది పలుగంత మందం. దానితో గోడ పడగొట్టొచ్చు, కొమ్మలోకి మాత్రం దిగదు, దాన్ని నలగ్గొడుతుంది. మూడోది పొడుగ్గా, పల్చగా, విదిలిస్తే ఊగుతోంది. పచ్చి గడ్డీ, తీగలూ అయితే దానంత సుఖం లేదు. గట్టి కొమ్మ మీద వేస్తే ఎగిరి వెనక్కొస్తుంది, వచ్చేది మీ మోకాలి మీదికి.

"ఒక దెబ్బ వేసి చూడనిస్తారా?" అని అడిగాను.

"వేస్తే ఇంకెవరు కొంటారమ్మా?"

"వెయ్యకుండా నేనెలా కొంటానండీ?"

ఆ రోజు ఉత్త చేతులతో వచ్చేశాను. మర్నాడు సంచిలో ఎండు కొమ్మ ఒకటీ, పచ్చి కొమ్మ ఒకటీ పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన సంచి చూసి తల పట్టుకున్నాడు. మూడో రోజు నన్ను చూడగానే కొట్లోంచి వెనక గదిలోకి పోయాడు. పారిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి గోనెగుడ్డలో చుట్టిన కత్తి ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, "ఇది అమ్ముడుపోదమ్మా, నల్లగా ఉందని ఎవరూ ముట్టుకోరు. మీ కొమ్మ మీద వేసుకోండి. వేసుకుని నన్ను వదిలేయండి" అన్నాడు.

ఏమండీ, అదే కత్తి. అలుగు నా జానెడుకు నాలుగు వేళ్ళు ఎక్కువ. వెన్ను రెండు నాణేలు పేర్చినంత మందం, అక్కణ్ణుంచి అంచుకు పొట్టగా దిగుతుంది, అందుకే చెక్కలో ఇరుక్కోకుండా చీల్చుకుంటూ పోతుంది. బరువు మొనవైపు కాస్త ఎక్కువ, కాబట్టి పని సగం అదే చేస్తుంది. తోక పిడి చివరిదాకా పిడంత వెడల్పుగా ఉంది, పైనా కిందా ఇనుము కంటికి కనపడుతుంది, మూడు చీలలు బిగించారు. పిడి కొన కిందికి ఒంపు తిరిగి ఉంది, చెమట పట్టినా జారదు. వెన్ను మీద గోటితో కొడితే గంటలా మోగింది. ఎండు కొమ్మ నాలుగు దెబ్బలకు తెగింది. పచ్చిది రెండుకే. కొట్టాయన నా కొమ్మ ముక్కలు తనే ఏరి సంచిలో వేసిచ్చాడు. ఇది తుప్పు పడుతుంది. పని అయ్యాక తుడిచి నూనె రాయాలి. రాయను, బద్ధకం అంటే ఇప్పుడే చెప్పండి, గరిటె పంపిస్తాను.

ఇంతవరకూ మీ మీద విసుక్కుంటూ హాయిగా రాశాను. ఇకమీద రాయాల్సింది రాయలేక నిన్నంతా కాగితం మడిచి పెట్టుకు తిరిగాను.

మంగళవారం ఉత్తరానికి ముందే, విరిగిన పాత కత్తి ముక్కలు రెండూ ఒక చీటీతో సహా డబ్బాలో పెట్టి పంపారు కదా. "చూడు, రాయికి కొట్టి నాశనం చేశాడు. విరగడానికి ముందురోజు వాడే అడిగి తీసుకెళ్ళాడు. మేస్త్రీకి చెప్పేశాను" అని రాశారు. మీరంతా నిచ్చెన అని పిలిచే ఆ పొడుగాటాయన్ని చెట్టెక్కనివ్వడం మానేసి, సామాన్ల గదిలో తాళ్ళు చుట్టడానికి పెట్టారనీ, ఇప్పుడు ఎవరూ ఆయన్ని తమ కత్తి ముట్టుకోనివ్వడం లేదనీ కూడా రాశారు. అందులో మీకు కాస్త సంతోషం కూడా కనపడింది. తప్పు పట్టను, కత్తి విరిగింది మీ చేతిలో, రక్తం పోయింది మీది.

ముక్కలు వచ్చిన మూడో రోజున ఆయన భార్య మన దుకాణానికి వచ్చింది. కుట్టు పని చేసే అమ్మాయి, ఆర్నెల్లకోసారి కత్తెర పదును పెట్టించుకునేది. కత్తెర బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, ఎంతసేపటికీ లేవలేదు.

"అక్కా, ఆయన ఉత్తరం రాశారు. రాయికి కొట్టలేదంటున్నారు. లేత రెమ్మలు నాలుగు కొట్టి, తుడిచి ఇచ్చేశానంటున్నారు. ఆయన అబద్ధమాడరక్కా. ఆడటం చేతకాదు, నాకు తెలుసు. నువ్వు కత్తులు చూసేదానివి కదా. రాయికి కొడితే అలా విరుగుతుందా?"

"ఏమో చెల్లీ, చూడాలి" అన్నాను.

అప్పటికే చూశానండీ. డబ్బా విప్పిన రోజే చూశాను. రాయికి కొడితే అంచు మడతపడుతుంది, గంటు పడుతుంది. ఈ ముక్కల అంచు మీద అలాంటిదేమీ లేదు. విరిగిన చోట ఇనుమంతా బూడిద రంగులో కొత్తగా మెరుస్తోంది, ఒక్క అంచు దగ్గర మాత్రం కందిగింజంత మేర నల్లగా ఉంది. ఇనుము విరిగిన రోజే నల్లబడదు. అక్కడ అంతకుముందే చీలిక ఉండి, తడి లోపలికి పోయి, తుప్పు పడితేనే అలా ఉంటుంది. కత్తి నిచ్చెన చేతికి వెళ్ళక ముందే పగిలింది. ఎప్పుడు పగిలిందో కూడా నాకు తెలుసు.

మీరు బయలుదేరిన ఉదయం గుర్తు తెచ్చుకోండి. వీధి చివర లారీ ఆగి ఉంది, మీరు గుమ్మంలో నిలబడి నిమిషానికోసారి "అయిందా?" అంటున్నారు. కత్తి అంచుకు గంటు పడి ఉంది, అది పోవాలంటే చాలా ఇనుము అరగదీయాలి. చేతి రాయి మీదైతే సగం రోజు పని. నేను మోటారు చక్రానికి ఆనించాను. మీ తొందరకు నేనూ తొందరపడ్డాను. అంచు ముందు నీలమైంది, తర్వాత ఒకచోట చిన్న ఎర్ర చుక్క లేచింది. చక్రం మీంచి తీసి నిదానంగా చల్లారనివ్వాల్సింది, ఎర్రగా కాగిన ఇనుము ముంచితే పగులుతుందని తెలిసీ అలవాటు కొద్దీ నీళ్ళలో ముంచేశాను. చుయ్‌మంది. తీసి చూస్తే వెంట్రుకంత గీత కనపడింది.

చూశానండీ. చూడలేదని చెప్పుకోను. రాయి మీద వేసి గీత కనపడనంత వరకూ రుద్దాను. కనపడకపోతే పోయినట్టు కాదని పద్దెనిమిదేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్న దాన్నే నేను. ఆ కత్తి మీ చేతికిచ్చి, "ఇక కొండనైనా నరకండి" అన్నాను.

ఎందుకలా చేశానో కూడా రాస్తాను. అంతకుముందు నెల రోజులు మీరు ఆ బొమ్మల కత్తి కొంటానని, నేను మా నాన్న చేసిన ఈ పాత కత్తికి సాటి లేదని పోట్లాడుకున్నాం. గీత ఉందని చెబితే మీరు నవ్వుతారు, ఆ దిక్సూచిది కొనేస్తారు. మీ దగ్గర ఓడిపోవడం ఇష్టంలేక మీకు పగిలిన కత్తి ఇచ్చాను. ఇంతకంటే పెద్ద కారణమేదో ఉండి ఉంటుందని చాలా వెతికాను. లేదు.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక పది రోజులు ఊరుకున్నాను. ఆ పది రోజులూ కొట్టాయన్ని, పిల్లల్ని, చివరికి అత్తయ్యగారిని కూడా విసుక్కున్నాను. "నీకేమైందే, మొగుడి మీద కోపం కత్తుల మీద తీరుస్తున్నావా?" అన్నారావిడ. మొన్న మధ్యాహ్నం దుకాణం మూసి, డబ్బా పట్టుకుని, ఆ అమ్మాయి గదికి వెళ్ళాను. కిటికీ పక్కన మిషను మీద ఏదో రవికకు చేతులు కుడుతోంది. నిలబడే చెప్పేశాను. ముక్కలు చూపించాను, నల్ల మచ్చ చూపించాను, ఎర్ర చుక్క సంగతి చెప్పాను.

మిషను ఆపలేదు. ఆ కుట్టు చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"నేను వచ్చి అడిగిన రోజు నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"నేను ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చావు."

ముక్కలు డబ్బాలో సర్దసాగాను. తనే అంది: "ఆయనకు చెట్టు పైన ఉంటేనే ప్రాణం. కింద తాళ్ళు చుట్టుకుంటూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. రాయక్కా. మేస్త్రీకి ఇక్కడే, నా ముందే రాయి."

రాశాను. ఆ అమ్మాయి చదివింది. "కత్తి విరగడం నా వల్ల కూడా కావచ్చు" అని రాసిన చోట వేలు పెట్టి, "కూడా ఎందుకు? కావచ్చు ఎందుకు?" అంది. రెండూ కొట్టేశాను. "నా వల్లే" అని దిద్దాను. కింద దుకాణం ముద్ర వేశాను, సాన పట్టేవాళ్ళు చూస్తే అర్థమయ్యేలా ఆ నల్ల మచ్చ ఉన్న ముక్కను కూడా అందులోనే పెట్టాం. వస్తుంటే ఆ అమ్మాయి, "నా కత్తెర నీ దగ్గరే ఉంది, ఇచ్చెయ్యి. వేరే చోట పట్టించుకుంటాను" అంది. మర్నాడు పంపించేశాను. మన దుకాణం మీద ఇంత నమ్మకం ఉన్న మనిషి ఇంకొకరు లేరు. ఇక ఆ నమ్మకం పోయింది, పోవాల్సిందే.

ఆ ఉత్తరం ఈ ఉత్తరంతోపాటే మీ మకాముకు వస్తుంది. మీరు చదివి చించేసే వీలు లేకుండా మేస్త్రీ పేరునే విడిగా పంపుతున్నాను. నన్ను తిట్టుకోండి. తిట్టుకోవడం అయ్యాక సామాన్ల గదికి వెళ్ళి, నలుగురిలో ఆయన మీద ఎలా చెప్పారో, అలాగే నలుగురిలో ఆయన్ని క్షమించమనండి. మీ ఒక్క మాట మీదే మేస్త్రీ ఆయన్ని కిందికి దించాడు. నేను ముక్కలు చూసి చెప్పేదాకా కూడా మీరు ఆగలేదు. ఆ తొందర నాది కాదు, మీది. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయండి. మొహం తిప్పుకుంటే అదీ రాయండి.

ఒక ప్రశ్నకు ఇంకా జవాబివ్వలేదు. మూడో పేజీలో, కాగితం అంచున, ఏదో మర్చిపోయి రాసినట్టు చిన్నగా రాశారు: "పిడి ఎడమ చేతికి కూడా కుదిరేలా ఉంటే మంచిది."

ఎందుకండీ? మీది కుడి చేతివాటం కదా. ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చూశాను, ఈసారి మాటలు కాదు, అక్షరాలు. అన్నీ ఎడమ చేత్తో రాసినట్టు వెనక్కి వాలి ఉన్నాయి. మొదటి పేజీలో "క్షేమం" అని రాయడానికి మూడుసార్లు కొట్టేశారు. కత్తి గురించి రెండున్నర పేజీలు ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది. చెయ్యి గురించి రాయకుండా ఉండటానికి. నేను ఆ కొట్టు చుట్టూ మూడు రోజులు తిరిగిందీ అలాగే, నా తప్పు రాయకుండా ఉండటానికే అనుకుంటాను.

బొటనవేలి మొదట్లో తెగిందని చీటీలో రాశారు కదా. వేలు ముడుచుకుంటోందా? మిగతా వేళ్ళను తాకుతోందా? గ్లాసు ఎత్తగలుగుతున్నారా? మీ మకాము వైద్యుడు కట్టు మార్చడం తప్ప ఏమైనా చూశాడా? నరం తెగి ఉంటే ఆలస్యమయ్యే కొద్దీ అతకడం కష్టమని ఇక్కడి ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. మీ సంగతని చెప్పలేదు, ఊరికే అడిగినట్టు అడిగాను. చూడండి, ఇంకా దాస్తూనే ఉన్నాను. నేను దాచింది ఒక మనిషిని చెట్టు మీంచి దింపింది. మీరు దాచేది మీ చేతినే తినేస్తుంది. ఇద్దరిలో ఎవరు ముందు మానినా ఫరవాలేదు గానీ, మానేద్దాం.

కత్తి కొన్నాను. పిడికి అటూ ఇటూ వాలు లేదు, ఏ చేతికైనా కుదురుతుంది. అంచు చేతి రాయి మీద, నీళ్ళు చల్లుతూ, మూడు రోజులు నేనే పెట్టాను. కానీ పార్సెలు ఇంకా కట్టలేదు. మీ జవాబు వచ్చాకే పంపుతాను. వేలు ముడుచుకోవడం లేదని రాస్తే కత్తి ఇక్కడే ఉంటుంది, నేను మీ దగ్గరికి వస్తాను, ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళదాం. ఎడమ చేత్తోనే రాయండి. ఎంత వంకరగా ఉన్నా చదువుకుంటాను.

ఇట్లు,
మీతో పోట్లాటలో ఈసారి ఓడిపోయిన
మీ ఆవిడ